కొండలెక్కేటప్పుడు జేబు కెమెరా చాలా? నన్నడిగితే చాలు, కాకపోతే కొన్ని సంగతులు తెలియాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గాజువాకలో ఉంటున్నారు, ఆదివారం వస్తే ఫ్రెండ్స్‌తో కంబాలకొండో తొట్లకొండో ఎక్కుతారు, చలికాలంలో వనజంగి, అరకు వైపు వెళ్తారు. ఇంట్లో కిట్ లెన్స్‌తో, అంటే కెమెరాతో పాటే వచ్చే లెన్స్‌తో, ఒక డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది గానీ దాన్ని మోసుకుంటూ ఎక్కడం విసుగొచ్చేసింది, సగం సార్లు బ్యాగులోంచి తీయడమే లేదు. జేబులో పట్టే చిన్న కెమెరా కొంటే కొండల ఫొటోలు బాగా వస్తాయా, ఫోన్‌తోనే సరిపెట్టుకోవచ్చా, పాతది అమ్మేయాలా అని.

కొనండి. సెన్సార్, అంటే వెలుగుని ఫొటోగా పట్టే చిప్, చిన్నది కాబట్టి ల్యాండ్‌స్కేప్‌కి పనికిరాదు అనే మాట మీరు వినే ఉంటారు, అది కొంత నిజమే, కానీ మన వైపు కొండల ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది దానివల్ల కాదు. గాలిలో మసక, సముద్రపు తేమ, ఎండ నెత్తికెక్కాక పైకి చేరడం, ఈ మూడూ పాడుచేస్తాయి. తొమ్మిదింటికి కొండ మీదికి చేరితే రెండు లక్షల కెమెరా అయినా అదే తెల్లబోయిన ఆకాశాన్నీ, అదే బూడిదరంగు కొండనీ ఇస్తుంది. బరువు తగ్గితే మీరు చీకట్లోనే బయల్దేరి గబగబా ఎక్కుతారు, ఎక్కాక ఆయాసపడుతూ బ్యాగు జిప్పులు తీయనక్కర్లేదు. నేను చిన్న కెమెరా వైపు మొగ్గేది అందుకే.

ముందు సెన్సార్ భయం సంగతి తేల్చేద్దాం. సోనీ ఆర్‌ఎక్స్100 వరసగానీ కెనాన్ జీ7 ఎక్స్ వరసగానీ వాడేది ఒక అంగుళం రకం సెన్సార్, కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు. పెద్ద ఖరీదైన కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ 36 × 24, అంటే విస్తీర్ణంలో ఏడు రెట్లకు పైన. రికో జీఆర్ 3 అయితే జేబులో పడుతూనే ఏపీఎస్-సీ సెన్సార్ పెట్టుకుని వస్తుంది, మీ డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉన్నంత పెద్దదే, బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 257 గ్రాములు. ఇక చివరికి ఫొటో ఎక్కడ చూస్తారు అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. 20 మెగాపిక్సెల్ ఫైల్ 5472 × 3648 పిక్సెళ్లు ఉంటుంది, దాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే 18 అంగుళాలకు 12 అంగుళాలు. మన ల్యాబుల్లో పెళ్లి ఆల్బమ్ షీట్ వేసే 12 × 18 సైజు సరిగ్గా అదే. అంతకంటే పెద్దది గోడకి ఎంతమంది పెట్టుకుంటారు చెప్పండి.

తేడా కనిపించేది చీకటిలో, ఇంకా వెలుగు నీడల మధ్య అంతరం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు. సూర్యుడు ఫ్రేములోనే ఉండి, ముందున్న రాళ్లు నల్లగా ఉంటే, ఒక అంగుళం సెన్సార్‌లో ఆ నీడల్ని ఎడిటింగ్‌లో బాగా పైకి లాగితే నాయిస్, అంటే రంగు చుక్కలు, తేలిపోతుంది, ఏపీఎస్-సీ కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. దానికి మందు ఉంది, కింద చెప్తాను.

ఫోన్ సంగతి నిజాయితీగా మాట్లాడుకుందాం. వాట్సాప్ స్టేటస్‌కీ ఇన్‌స్టాకీ అయితే ఇప్పటి మంచి ఫోన్ చాలు, ఎదురెండ ఉన్న సీన్లలో అయితే నేరుగా వచ్చే ఫొటో ఫోన్‌లోనే బాగుంటుంది, ఎందుకంటే అది కనురెప్ప కొట్టేలోపు నాలుగైదు ఫ్రేములు తీసి లోపలే కలిపేస్తుంది. చిన్న కెమెరా ఆ పని మీకు వదిలేస్తుంది. కానీ ఆ కలపడంలో ఫోన్ చేసే అతి ఒకటుంది, చెట్ల ఆకుల్ని అలికినట్టు చేసి పైన షార్ప్‌నెస్ రుద్దుతుంది, స్క్రీన్ మీద తెలియదు గానీ ప్రింట్ వేస్తే కంబాలకొండ అడవంతా ఆకుపచ్చ రంగు పూసిన గోడై కూర్చుంటుంది. ఇంకోటి, మన ఉక్కపోతలో చెమట చేతులతో టచ్ స్క్రీన్ వాడి చూశారుగా, ఫోకస్ ఒకచోట నొక్కితే ఇంకోచోట తీసుకుంటుంది. బటన్లు, డయల్ ఉంటే ఆ గొడవ లేదు. ఫోన్ బ్యాటరీ దారి చూసుకోవడానికీ ఇంటికి ఫోన్ చేయడానికీ మిగలాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక ఏది కొనాలి అంటే, అందరూ వైడ్ లెన్స్ గురించే అడుగుతారు, నేను జూమ్ గురించి చెప్తాను. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర నిలబడి 24 మి.మీ.తో, అంటే బాగా వైడ్‌గా, తీస్తే ఏమొస్తుంది, సగం ఆకాశం, సగం రోడ్డు పక్క పొదలు, మధ్యలో గీత గీసినట్టు కొండలు. కంటికి అంత గొప్పగా కనిపించిన వరసలు ఫొటోలో ముడుచుకుపోతాయి. అదే 100, 150 మి.మీ.కి వెళ్లి ఒక మూలనున్న నాలుగైదు కొండ వరసలు మాత్రం పట్టుకోండి, ఒకదాని వెనక ఒకటి, దగ్గరది ముదురు నీలం, దూరంది లేత నీలం, వాటి మధ్యలో మంచు. తూర్పు కనుమల అందం ఆ పొరల్లో ఉంది. హిమాలయాల్లాగా ఒక్క శిఖరం ఫ్రేమంతా నిలబడి పోజివ్వదు ఇక్కడ. అందుకే ఘాట్ వైపే ఎక్కువ వెళ్లేవాళ్లకి 24-200 జూమ్ ఉన్న ఆర్‌ఎక్స్100 మార్క్ 7, లేదంటే 24-100 ఉన్న కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2 చూడమంటాను. రెండూ 300 గ్రాముల అటూ ఇటూ.

మరి రికో జీఆర్? అది 28 మి.మీ. దగ్గర కదలకుండా ఉంటుంది, జూమ్ లేదు, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, కానీ ఫైల్ చూస్తే ముచ్చటేస్తుంది. సముద్రం పక్కన ఎక్కువ తిరిగేవాళ్లకి, తొట్లకొండ స్తూపాల దగ్గర, ఎర్రమట్టి దిబ్బల సందుల్లో, నడుస్తూ నడుస్తూ తీసేవాళ్లకి అది బాగా కుదురుతుంది. జూమ్ లేని కెమెరాతో కొండ మీద ఇబ్బంది ఏంటంటే, నాలుగడుగులు ముందుకెళ్లి తీద్దామంటే ముందు లోయ ఉంటుంది. మీరు రాసినదాన్ని బట్టి మీ తిరుగుడు సగం వనజంగి, అరకు కాబట్టి మీకు జూమ్ ఉన్నదే చెప్తాను. ఫుజీ ఎక్స్100 వరస గురించి కూడా అడిగారు, చాలా మంచి కెమెరా, కానీ తాజాది ఎక్స్100 6 అర కిలో పైనే ఉంటుంది, ప్యాంటు జేబులో పట్టదు. మీ అసలు ఇబ్బందే బరువు అన్నప్పుడు అటు వెళ్లడం దేనికి.

వ్యూఫైండర్ ఉంటే మాత్రం వదలొద్దు. ఆర్‌ఎక్స్100లో మార్క్ 3 నుంచి పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది. మన ఎండలో పది దాటాక వెనక స్క్రీన్ మీద మీ మొహం తప్ప ఏమీ కనపడదు. అది లేని మోడల్ అయితే మెనూలో స్క్రీన్ బ్రైట్‌నెస్‌ని ఎండకి సరిపడేలా పెంచే సెట్టింగ్ వెతికి పెట్టుకోండి, సోనీలో దాని పేరే సన్నీ వెదర్.

ఇప్పుడు సెట్టింగుల దగ్గరికి వద్దాం, చిన్న కెమెరాతో చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ మీద ల్యాండ్‌స్కేప్ అంటే ఎఫ్ 11 అని చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఆ అలవాటుతో ఒక అంగుళం సెన్సార్ కెమెరాని ఎఫ్ 11కి తిప్పితే ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది, డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ చిన్న రంధ్రంలో వెలుగు చెదిరిపోవడం వల్ల. ఇక్కడ లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ చాలా చిన్నది, 24 మి.మీ. వైడ్ అని చెప్పుకునేది నిజానికి 8.8 మి.మీ. లెన్స్. కాబట్టి ఎఫ్ 4 పెడితే చాలు, ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 11కి వచ్చేంత లోతు వచ్చేస్తుంది. లెక్క వేస్తే, వైడ్ చివర ఎఫ్ 4లో సుమారు 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 90 సెంటీమీటర్ల నుంచి ఆకాశం దాకా అంతా షార్ప్‌గా ఉంటుంది. అంటే మీ ముందు రెండు అడుగులు వేస్తే చేరే రాయి మీద ఫోకస్ లాక్ చేసి తీసేయడమే. నేను ఎఫ్ 5.6 దాటి వెళ్లను, వెళ్లాల్సిన అవసరం కూడా కనపడదు. రికో జీఆర్ 3 అయితే ఎఫ్ 5.6లో 3 మీటర్ల దగ్గర పెడితే మీటరున్నర నుంచి అంతా వస్తుంది, ముందే దూరం పెట్టుకునే దాని స్నాప్ ఫోకస్‌ని 3.5 మీటర్లకి పెట్టేసి మర్చిపోయినా పర్లేదు.

ఇందులోనే ఇంకో లాభం ఉంది. వ్యూ పాయింట్ దగ్గర నిలబడ్డారు, ముందు ఏ రాయీ చెట్టూ లేదు, అంతా కిలోమీటర్ల దూరంలో ఉంది. అలాంటప్పుడు ఎఫ్ 2.8 పెట్టినా ఏమీ అవ్వదు. చీకటి పూర్తిగా విడవకముందు కిట్ లెన్స్ ఎఫ్ 3.5 దగ్గర మొదలై, షార్ప్‌నెస్ కోసం ఎఫ్ 8కి వెళ్లి, ఐఎస్‌ఓని, అంటే కెమెరా వెలుగుని పెంచి చూపే లెక్కని, 1600 దాకా ఎక్కించాల్సిన చోట, మీరు ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 200తో చేత్తో పట్టుకునే తీసేస్తారు. పెద్ద సెన్సార్ లాభం చాలావరకు ఇక్కడే కరిగిపోతుంది.

వనజంగి గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి కాస్త వివరంగా. పాడేరు దగ్గర, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, చలికాలంలో కింద లోయంతా మబ్బులు పరుచుకుని వాటి పైన సూర్యుడు లేవడం అక్కడ చూడాల్సింది. జనవరి మధ్యలో మన వైపు సూర్యోదయం సుమారు 6:30కి, అసలు రంగులు అంతకు ముందు అరగంటలోనే ఉంటాయి, కాబట్టి ఆరింటికి మీరు పైన కూర్చుని చలికి వణుకుతూ ఉండాలి, కింద టీ తాగుతూ కాదు. సూర్యుడు రాకముందు సీన్ అంతా మబ్బుల తెలుపే, కెమెరా దాన్ని చూసి బెదిరి నల్లగా తీస్తుంది, ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్, అంటే వెలుగు పెంచే తగ్గించే సెట్టింగ్, +0.7 పెట్టండి. సూర్యుడి అంచు కనిపించగానే డయల్ ఇటు తిప్పి -0.7, ఇంకా పైకొస్తే -1. హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్, కుడి గోడకి తగలకుండా చూసుకోండి, తెల్లగా కాలిపోయిన చోటు ఎడిటింగ్‌లో తిరిగి రాదు, నల్లగా ఉన్నది కొంతైనా వస్తుంది. రా ఫైల్, అంటే సెన్సార్ పట్టిందంతా దాచే ముడి ఫైల్, తప్పనిసరి, జేపెగ్ ఒక్కటే పెట్టుకుంటే ఆ ఆరెంజ్ నుంచి నీలానికి మారే చోట ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది.

నీడలు లాగితే నాయిస్ వస్తుందన్నానే, దానికి మందు బ్రాకెటింగ్. ఒక్క నొక్కుడుతో మూడు ఫ్రేములు, ఒకటి తక్కువ, ఒకటి సరిగ్గా, ఒకటి ఎక్కువ వెలుగుతో, ఇంటికొచ్చి లైట్‌రూమ్‌లోనో ఇంకెక్కడో కలుపుకోవడమే. మబ్బులు నెమ్మదిగానే కదులుతాయి కాబట్టి చేత్తో పట్టుకున్నా కలుస్తాయి. కలవనిది మనుషులు. వారాంతంలో వనజంగి మీద జనం ఎలా ఉంటారో మీకు తెలుసు, సెల్ఫీ స్టిక్కులు ఊగుతూ ఉంటాయి, మూడు ఫ్రేముల్లో మూడు చోట్ల ఉంటాయి, కలిపితే ఆరు చేతుల మనిషి వస్తాడు. వీలైతే మామూలు రోజు వెళ్లండి, లేదంటే జనం ఫ్రేములోకి రానంత జూమ్ చేయండి.

సూర్యుడు పైకొచ్చేశాక అందరూ దిగిపోతారు. ఆగండి. సూర్యుడికి వీపు తిప్పి పడమర వైపు చూస్తే, మబ్బుల మీద ఏటవాలుగా పడే వెలుగుకి వాటి ముడతలు తేలతాయి, ఆ అరగంట చిన్న సెన్సార్‌కి పండగే, వెలుగు నీడల తేడా తక్కువ కాబట్టి.

ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి దారిలో ఉన్న ఈ దిబ్బల్ని జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, అంచుల మీద ఎక్కి తొక్కకండి, మట్టి జారిపోతుంది. అక్కడ రెండు సమస్యలు. ఒకటి, ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల్ని కెమెరా తనే సరిచేసే పద్ధతి, ఆ ఎరుపు చూసి అదేదో తప్పనుకుని చల్లబరిచేస్తుంది, దిబ్బలు వెలిసిపోయిన ఇటుక రంగులోకి వస్తాయి. డేలైట్‌లో పెట్టేయండి. సాయంత్రం ఎండలో అయితే ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి, మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉందని చెప్తుంటే దిబ్బ మీద గీతలూ గాట్లూ మాయమై ఒకే ముద్దగా కనిపిస్తుంది, కాబట్టి మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు ఎక్కడుందో చూడండి, కావాలంటే అర స్టాపు తగ్గించండి, ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగం కావడం.

రెండోది ఇసుక, ఇది డబ్బు పోయే సమస్య. ఈ చిన్న కెమెరాలన్నిటిలో ఆన్ చేస్తే లెన్స్ గొట్టం బయటికి వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. ఆ గొట్టాల మధ్య సందులో ఒక్క సన్న రేణువు ఇరుక్కుంటే కర్రుమని శబ్దం, తర్వాత లెన్స్ ఎర్రర్, కెమెరా పని అయిపోయింది. రిపేరు ఖర్చు వింటే కొత్తది కొనాలనిపిస్తుంది. గాలి వీస్తున్నప్పుడు ఇసుకలో ఆన్ ఆఫ్ తగ్గించండి, కింద పెట్టకండి, బీచ్‌లో ఇసుకలో కూర్చున్న ప్యాంటు జేబులో అసలే వద్దు. జేబు అడుగున ఉండే నూలు దుమ్ము కూడా ఇదే పని చేస్తుంది. జిప్ లాక్ కవర్లో పెట్టి, ఆ కవర్ జేబులో పెట్టుకోండి. రికో జీఆర్‌లకైతే లోపలికి దుమ్ము పోయి సెన్సార్ మీద మచ్చలు పడతాయన్న పేరే ఉంది, లెన్స్ ఊడదు కాబట్టి మనం తుడుచుకోలేం, విప్పాల్సిందే.

జలపాతాల దగ్గరికొస్తే, కటికి దగ్గరో చాపరాయి దగ్గరో నీళ్లు పాలలా జారినట్టు రావాలంటే షట్టర్ పావు సెకను దాకా తగ్గాలి. ఎఫ్ 11కి వెళ్లి తగ్గించొద్దని పైన చెప్పుకున్నాం. కొన్ని కెమెరాల లోపలే వెలుగుని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటుంది, ఆర్‌ఎక్స్100 మార్క్ 3, 4, 5లో ఉంది, జీ7 ఎక్స్ మార్క్ 2లో ఉంది, రికోలో 2 స్టాపులది ఉంది, కానీ ఆర్‌ఎక్స్100 మార్క్ 6, 7లో తీసేశారు, జూమ్ పెంచి ఇది తీసేశారు, నాకైతే అది నచ్చలేదు. మబ్బు పట్టిన పొద్దున నీడలో ఎఫ్ 5.6కి షట్టర్ 1/30 వచ్చిందనుకోండి, 3 స్టాపుల ఎన్‌డీ వేస్తే సరిగ్గా 1/4 అవుతుంది. ట్రైపాడ్ మోయక్కర్లేదు, మెడలో తువ్వాలు ఎలాగూ ఉంటుంది, మడిచి రాయి మీద వేసి దాని మీద కెమెరా కుదురుగా పెట్టి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. తడి రాళ్ల మీద మాత్రం ఫొటో కోసం ముందుకు జరగొద్దు, జలపాతాల దగ్గర ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

నీళ్ల మెరుపు, ఆకుల మెరుపు తగ్గించే పోలరైజర్ గురించి. ఆర్‌ఎక్స్100 లెన్స్ మీద ఫిల్టర్ బిగించే మర ఉండదు, అంటించే మ్యాగ్నెటిక్ అడాప్టర్లు దొరుకుతాయి, వాటితో పని జరుగుతుంది. వర్షాకాలం తర్వాత కాఫీ తోటల్లో తడి ఆకుల మీద అది చేసే మేలు ఏ ఎడిటింగూ చేయదు. ఆకాశం ముదురు చేయాలంటే మాత్రం సూర్యుడు మీకు పక్కన ఉండాలి, ఎదురుగానో వెనకో ఉంటే తిప్పి తిప్పి మీ చెయ్యి నొప్పి పుట్టడమే.

వైజాగ్‌లో కెమెరాకి అసలు శత్రువు తేమ. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో చల్లబడ్డ కెమెరాని ఒక్కసారి బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది, సూర్యోదయం మాత్రం మన కోసం ఆగదు. లంబసింగి లాంటి చోట్ల డిసెంబరు, జనవరిలో సున్నా దగ్గరికి పోయే చలిలో తిరిగి, అదే పూట ఘాట్ దిగి నర్సీపట్నం దాటి వైజాగ్ వచ్చేసరికి ఇదే జరుగుతుంది, ఈసారి లోపలి అద్దాల మీద కూడా. మార్గం తేలిక. చల్లగా ఉన్నప్పుడే జిప్ లాక్‌లో పెట్టి మూసేయండి, బయటి వేడికి కెమెరా అలవాటు పడేదాకా తెరవకండి, అప్పుడు ఆవిరి కవర్ మీద పడుతుంది. లెన్స్ జూమ్ చేసిన ప్రతిసారీ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది కాబట్టి ఆవిరి పట్టిందనుకున్నప్పుడు జూమ్ ముట్టుకోవద్దు.

ఇంట్లో దాచే పద్ధతి కూడా చెప్తాను, మన ఊళ్లో లెన్స్ లోపల బూజు పట్టి పారేసిన కెమెరాలు ఎన్నో. కెమెరాతో వచ్చే లెదర్ కేసులో పెట్టి బీరువాలో పెట్టడం బూజుకి విందు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, అంతే. రంగు మారే రకం కొనుక్కోండి, రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి, తేమ సంగతి ఎలా ఉన్నా పొట్టూ పిండీ లెన్స్ సందుల్లోకి పోవడం మాత్రం ఖాయం.

ఎప్పుడు వెళ్లాలి అన్నది కెమెరా కంటే పెద్ద విషయం. చలికాలం అందరికీ ఇష్టం, కానీ ఆ రోజుల్లో ఊరి మీద మసక తెరలా వేలాడుతుంది, కైలాసగిరి మీంచి డాల్ఫిన్ నోస్ బూడిదరంగు నీడలా కనిపిస్తుంది. వాయుగుండం వచ్చి రెండు రోజులు కొట్టి వెలిసిన మర్నాడు చూడండి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అలాంటి రోజులు దొరుకుతాయి, గాలి కడిగేసినట్టు ఉంటుంది. ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టినా తప్పులేదు. కైలాసగిరి మీంచి బీచ్ వంపు తీయాలంటే పొద్దున్నే వెళ్లండి, సముద్రం వైపు నుంచి వచ్చే వెలుగు ఒడ్డు మీద పక్కగా పడుతుంది. సాయంత్రం అయితే సూర్యుడు కొండల వెనక్కి పోతూ ఊరి మసకనంతా మీ కళ్లలో కొడతాడు. తొట్లకొండ దగ్గర తిరగేసి చెప్తాను, మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మీ వెనక ఉండి సముద్రం నీలంగా తేలుతుంది. అరకులో వలిసె పూలు నవంబరు ప్రాంతంలో, పసుపు చేనంతా ఫ్రేములో నింపేయాలని చూడకండి, కాస్త జూమ్ చేసి చేను, చేను వెనక ఇల్లు, ఇంటి వెనక కొండ, మూడూ దగ్గరగా లాక్కోండి.

పనోరమా కూడా నేర్చుకోండి, చిన్న కెమెరాకి అది దొడ్డిదారిన దొరికే పెద్ద సెన్సార్. కెమెరా నిలువుగా పట్టుకుని, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా ఐదారు ఫ్రేములు. కెమెరాలో ఉండే స్వీప్ పనోరమా మోడ్ వాడొద్దు, అది జేపెగ్ ఇస్తుంది, చిన్నది ఇస్తుంది.

బ్యాటరీలు చిన్నవి. రికో జీఆర్ 3కి కంపెనీ చెప్పే లెక్కే 200 ఫొటోలు, చలిలో ఇంకా తగ్గుతుంది. రెండు అదనంగా పెట్టుకోండి, వనజంగి మీద అవి లోపలి జేబులో ఒంటి వేడికి ఉండాలి. చేతికి రిస్ట్ స్ట్రాప్ తప్పకుండా వేసుకోండి. మెడలో వేలాడదీస్తే వంగి ఎక్కేటప్పుడు రాయికి కొట్టుకుంటుంది. బ్యాగు భుజం పట్టీకి చిన్న పౌచ్ తగిలించుకుంటే అన్నిటికంటే హాయి, నడక ఆపకుండానే తీయొచ్చు.

ఒక హెచ్చరిక. డాల్ఫిన్ నోస్, యారాడ దారి, హార్బర్ వైపు నేవీ ప్రాంతం ఉంది. ఫొటోలు నిషేధం అని బోర్డు ఉన్నచోట చిన్న కెమెరా కదా ఎవరు చూస్తారులే అనుకోకండి, కొండ మీంచి జూమ్ చేసి ఓడలు తీయడం అసలే వద్దు.

సెకండ్ హ్యాండ్ చూస్తానన్నారు, మీ బడ్జెట్‌కి అదే మంచిది, ఆర్‌ఎక్స్100 మార్క్ 3 దొరికినా సంతోషంగా తీసుకోండి. 24-70 ఎఫ్ 1.8-2.8 లెన్స్, వ్యూఫైండర్, ఎన్‌డీ మూడూ ఉన్నాయి, జూమ్ కాస్త తక్కువ అంతే. తీసుకునే ముందు నాలుగైదుసార్లు ఆన్ ఆఫ్ చేసి లెన్స్ శబ్దం వినండి, కర్రుమంటే వద్దు. ఎఫ్ 11లో తెల్ల గోడనో ఆకాశాన్నో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సార్ మీద దుమ్ము మచ్చలు బయటపడతాయి. ఫోన్ టార్చ్ ఏటవాలుగా లెన్స్‌లోకి వేసి చూడండి, సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది బూజు, ఎంత తగ్గించి ఇస్తానన్నా వెనక్కి ఇచ్చేయండి. నాలుగు మూలలూ సమానంగా షార్ప్‌గా ఉన్నాయో లేదో దూరంగా ఉన్న అపార్టుమెంటు కిటికీలు తీసి చూడండి, కింద పడ్డ కెమెరా అయితే ఒక మూల మెత్తగా తేలుతుంది.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మొద్దు. కిట్ లెన్స్‌తో కలిపి అమ్మినా దానికి వచ్చే డబ్బు అంతంత మాత్రమే. దానికి పాత టెలిఫొటో ఒకటి దొరికితే కంబాలకొండలో పిట్టలకి వాడుకోండి, ఇంట్లో ఫంక్షన్లకి బయటికి తీయండి. జేబు కెమెరా ఆ రెండు పనుల్లోనూ దాని దరిదాపుల్లోకి రాదు.